మిషను కొనే ముందు నీళ్ళు చూడండి

ఈశాన్య రుతుపవనాలు దగ్గర పడేసరికి చెన్నై పాఠకుల నుంచి నీళ్ళ ప్రశ్నలు కుప్పలుగా వస్తాయి. అందులో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం. ఒకే సందేహం నలుగురు అడిగినచోట ఒక్కటిగా కలిపాం.

ప్రశ్న: పెరంబూరులో అద్దెకు ఉంటున్నాం. కుళాయికి మెట్రో వాటర్ (నగర నీటి సంస్థ ఇచ్చే నీళ్ళు) వస్తుంది. ఆర్‌ఓ (నీళ్ళలోని లవణాలను సన్నని పొరతో ఆపే మిషను) అమ్మడానికి వచ్చినతను నాలుగు పుల్లలున్న చిన్న పెట్టె మా నీళ్ళ గ్లాసులో పెట్టి కరెంటిచ్చాడు. రెండు నిమిషాల్లో నీళ్ళు గోధుమ రంగుకు తిరిగి అడుగున మడ్డి పేరుకుంది. అతను తెచ్చిన ఆర్‌ఓ నీళ్ళు తేటగానే ఉన్నాయి. అది చూసినప్పటి నుంచి మా అత్తగారు కుళాయి నీళ్ళు ముట్టడం లేదు. కొనేయమంటారా?

జవాబు: ఆ మడ్డి పుల్లది, నీళ్ళది కాదు. ఆ పెట్టెలో కొన్ని పుల్లలు ఇనుపవి, కొన్ని అల్యూమినియంవి. కరెంటు పారగానే ఇనుప పుల్ల కొంచెం కొంచెం కరిగి తుప్పుగా నీళ్ళలోకి దిగుతుంది. ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు బాగా తక్కువ కాబట్టి వాటిలో కరెంటు సరిగా పారదు, పుల్ల కరగదు. ఈసారి వస్తే అతని ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు వంటుప్పు కలిపి మళ్ళీ పెట్టమనండి. అవీ అలాగే తిరుగుతాయి. అత్తగారి ముందే చేయించండి.

ఇక కొనాలా వద్దా అన్నది. చేతిలో పట్టే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాంతో వంటింటి కుళాయి దగ్గర కొలవండి, రోడ్డు మీది పైపు దగ్గర కాదు. చాలా ఇళ్ళలో మెట్రో వాటర్, లారీ నీళ్ళు, బోరు నీళ్ళు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి కాబట్టి మీ గ్లాసులోకి వచ్చేది ఆ కలగలుపే. ఒక్కసారి కొలిచి ఊరుకోకండి. చెన్నై కుళాయిలో ఏ నీళ్ళొస్తాయన్నది కాలాన్ని బట్టి మారుతుంది: పుళల్, చెంబరంబాక్కం చెరువులవి కావచ్చు, వీరాణం నుంచి వచ్చేవి కావచ్చు, మీంజూరు, నెమ్మేలిలో సముద్రపు నీటిని శుద్ధి చేసినవి కావచ్చు. తెలుగు గంగ ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి రాష్ట్ర సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు కాలువలో పారి, పూండి జలాశయం చేరే కృష్ణా నీళ్ళు కూడా 1996 నుంచీ వాటిలో ఉన్నాయి. వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి కొలిస్తే మీ ఇంటి లెక్క తెలుస్తుంది.

తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనిచోట 2000 వరకు ఒప్పుకుంటారు. 500 లోపున్న చోట ఆర్‌ఓలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది. మీ కుళాయి ఏడాది పొడవునా 500 లోపే చూపిస్తే మీకు యూవీ (క్రిములను చంపే దీపం), యూఎఫ్ (సన్న జల్లెడ లాంటి ఫిల్టరు) ఉన్న చిన్న మిషను చాలు. దాని ముందు మట్టిని ఆపే 5 మైక్రాన్ల ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు ఉండాలి, ఎందుకంటే మబ్బు నీళ్ళలో యూవీ వెలుగు క్రిమి దాకా చేరదు. ఆ దీపం ఏడాది వాడకానికి బలం తగ్గిపోతుంది. అప్పుడూ నీలంగా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కంటితో చూసి బాగుందనుకోకండి, మార్చిన తేదీ మిషను మీదే రాసి పెట్టుకోండి. దీపం చుట్టూ ఉండే గాజు గొట్టానికి పసుపు పొర పట్టినా వెలుగు ఆగిపోతుంది, సర్వీసుకు వచ్చినతనితో దాన్ని తుడిపించండి.

టీడీఎస్ మీటరు చెప్పనివి చాలా ఉన్నాయి. అది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అంతే. మురుగు కలిసిన నీళ్ళు 300 చూపించవచ్చు. బోరు నీళ్ళు తాగే ఇళ్ళవాళ్ళు ఒక్కసారైనా ప్రయోగశాలలో ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, గట్టిదనం (సున్నపు లవణాలు), కోలిఫాం (మురుగు కలిసిందని తెలిపే క్రిములు) చూపించుకోవాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. లోపు, నైట్రేట్ 45 లోపు ఉండాలి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రం ఉంది. క్రిముల పరీక్షకు కూల్‌డ్రింక్ సీసాలో పట్టి తీసుకుపోతే ఫలితం నమ్మలేం. వాళ్ళిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఐసులో పెట్టి, ఆరు గంటల్లోపు అందించండి.

ప్రశ్న: వేళచ్చేరిలో మా బోరు నీళ్ళ టీడీఎస్ 900. ఆర్‌ఓ వాడుతున్నాం. ఒక బిందె మంచినీళ్ళకు మూడు బిందెలు కాలువలోకి పోతున్నాయి. మెకానిక్ "చిన్న ఎఫ్‌ఆర్ వేస్తే వృథా సగమవుతుంది" అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వద్దు. ఎఫ్‌ఆర్ అంటే వృథా నీళ్ళ పైపులో ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టం. దాని మీద 300, 450 లాంటి అంకె ఉంటుంది. అది నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు బయటికి వదలాలో చెప్పే అంకె. మెంబ్రేన్ (ఆర్‌ఓలోని వడపోత పొర) ఆపిన ఉప్పును, సున్నాన్ని కడుక్కుపోయేది ఆ వదిలేసే నీళ్ళే. దాన్ని బిగిస్తే మొదట్లో వృథా తగ్గినట్టే ఉంటుంది, కొన్నాళ్ళకు మెంబ్రేన్ మీద సున్నం పేరుకుని నీళ్ళు సన్నగా కారడం మొదలవుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మిగిల్చిన నీళ్ళ ఖరీదుకు పదింతలు మెంబ్రేన్‌కు పెడతారు. బిగించాలంటే ముందు నీళ్ళ గట్టిదనం తెలియాలి, మెంబ్రేన్ సామర్థ్యానికి సరిపోయే అంకె తెలియాలి. ఇంటికొచ్చి పది నిమిషాల్లో పైపు మార్చి పోయే మెకానిక్ ఆ రెండూ చూడడు.

ముందు మీ మిషను నిజంగా ఎంత వదులుతోందో కొలవండి. ట్యాంకు సగమే నిండి ఉన్నప్పుడు, మంచినీళ్ళ పైపు కింద ఒక కొలత బకెట్టు, వృథా పైపు కింద ఇంకొకటి, సరిగ్గా పది నిమిషాలు పెట్టండి. ఒకటికి మూడు వరకూ అయితే మామూలే. ఒకటికి ఐదు, ఆరు పోతుంటే పంపు ఒత్తిడి తగ్గిందో, ముందున్న ఫిల్టరు పూడిందో చూపించాలి. అలాగే మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే నీళ్ళ టీడీఎస్ చూడండి. బాగున్న మెంబ్రేన్ తొంభై శాతం పైనే ఆపుతుంది, అంటే మీ 900 కాస్తా 90 లోపుకు రావాలి. అక్కడ 80 ఉండి ట్యాంకులో 250 ఉందంటే మెంబ్రేన్ తప్పు కాదు, టీడీఎస్ కంట్రోలర్ అనే మర తెరిచి ఉందన్నమాట. అది రుచి కోసం ఆర్‌ఓ దాటని నీళ్ళను కొంచెం కలుపుతుంది. మీ బోరులో ఫ్లోరైడో నైట్రేటో ఎక్కువుంటే, ఆ దోవన అవే మళ్ళీ గ్లాసులోకి వస్తాయి. పరీక్ష చీటీ చేతికి వచ్చేదాకా ఆ మరను పూర్తిగా మూయించండి.

మీ లెక్కన వృథా నీళ్ళ టీడీఎస్ సుమారు 1,200 ఉంటుంది. దాంతో ఇల్లు తుడవచ్చు, గిన్నెలు మొదటి విడత కడగవచ్చు, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు. కుండీల మొక్కలకు రోజూ అవే పోస్తే మట్టిలో ఉప్పు చేరి ఆకుల అంచులు మాడతాయి, వాన నీళ్ళో మెట్రో నీళ్ళో సగానికి సగం కలిపి పోయండి. సంపులోకి మాత్రం తిరిగి వదలకండి. తిరిగిన ప్రతిసారీ ఉప్పు చిక్కబడుతుంది. పట్టే డ్రమ్ము మిషను కన్నా కిందే ఉండాలి. వృథా పైపును పైకెక్కించి మేడ మీది ట్యాంకుకు కలిపిన ఇళ్ళలో ఎదురు ఒత్తిడి వచ్చి మెంబ్రేన్ ముందే పాడవుతుంది.

ప్రశ్న: వరద నీళ్ళు, వాటితో మురుగు మా సంపులోకి దిగాయి. 2015లో, 2023లో కూడా ఇదే బాధ. ప్రతిసారీ ఎవరో ఒకరు "ఒక కిలో బ్లీచింగ్ వేసేయండి" అంటారు. సరైన పద్ధతి ఏమిటి?

జవాబు: బురద ఉండగా బ్లీచింగ్ ఎంత వేసినా బురదే తినేస్తుంది. ముందు ఖాళీ చేయాలి, తర్వాత గీకాలి, ఆ తర్వాతే క్లోరిన్.

మెయిన్ స్విచ్ ఆపండి. నానిన మోటారును ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ పరీక్షించేదాకా వేయకండి. పెట్రోలు పంపు అద్దెకు తెస్తే ఇంజన్ ఇంటి బయట, గాలి ఆడేచోట ఉండాలి. పార్కింగ్ లోపల పెడితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చడీచప్పుడు లేకుండా చంపుతుంది. నీళ్ళు తోడేశాక కూడా వెంటనే ఎవరినీ సంపులోకి దించకండి. మురుగు కుళ్ళినచోట ప్రాణవాయువు ఉండదు, విషవాయువు ఉంటుంది. మూతలన్నీ తీసి కొన్ని గంటలు వదిలేసి, ఫ్యానుతోనో బ్లోయరుతోనో గాలి కొట్టించి, దిగేవాడి నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరిని నిలబెట్టాలి. లోపలివాడు పడిపోతే పైవాళ్ళు దూకకూడదు, తాడుతో లాగాలి. ఈ ఏర్పాట్లు లేకపోతే పొడుగు కర్ర చీపురుతో, పైనుంచి కొట్టే నీటి పైపుతో చేసినంత చేయడం మేలు.

గోడలు, అడుగు గీకి కడిగి ఆ మురికి నీళ్ళు కూడా తోడేశాక లెక్కకు రండి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి 28.3తో మళ్ళీ గుణిస్తే లీటర్లు వస్తాయి. 8 అడుగుల పొడవు, 8 వెడల్పు, 5.5 లోతు ఉన్న సంపులో సుమారు 10,000 లీటర్లు పడతాయి. శుద్ధికి లీటరుకు 50 మి.గ్రా. క్లోరిన్ కావాలి. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరైతే ప్రతి 1,000 లీటర్లకు 200 గ్రాములు, అంటే ఈ సంపుకు 2 కిలోలు. 10 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణం దొరికితే 1,000 లీటర్లకు అర లీటరు. కిలో చాలని చెప్పేవాళ్ళు మీ సంపు ఎంతో అడగలేదు గదా!

పౌడరును నేరుగా చల్లకండి. ప్లాస్టిక్ బకెట్టులో కొంచెం నీళ్ళతో ముద్దగా కలిపి, ముప్పావు బకెట్టు నీళ్ళు పోసి తిప్పి, పదిహేను నిమిషాలు వదిలేస్తే సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్ళే సంపులో పోయాలి. సున్నం కూడా పోస్తే మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది. 2 కిలోలైతే నాలుగైదు బకెట్లుగా చేసుకోండి. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ డబ్బా ఆ చుట్టుపక్కల లేకుండా చూసుకోండి, రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

సంపు నిండా నీళ్ళు పట్టి, మోటారు వేసి మేడ మీది ట్యాంకు కూడా నింపి, ప్రతి కుళాయిలోనూ బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. 24 గంటలు అలాగే ఉండాలి. వంటింటి ఆర్‌ఓకు వెళ్ళే వాల్వ్ దీనికి ముందే మూసేయాలి, ఇంత క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పోతుంది. మర్నాడు మొత్తం వదిలేయండి, చెట్ల మొదట్లోకి గానీ బావిలోకి గానీ కాదు. మళ్ళీ మామూలు నీళ్ళు నింపి, 1,000 లీటర్లకు 5 గ్రాముల బ్లీచింగ్ చొప్పున తేర్చిన నీళ్ళు కలిపి, అరగంట ఆగి కుళాయి దగ్గర క్లోరిన్ కిట్టుతో చూడండి. కనీసం లీటరుకు 0.2 మి.గ్రా. మిగలాలి, వరద రోజుల్లో 0.5 ఉంటే నిశ్చింత. ఏమీ మిగలకపోతే ఇంకో 5 గ్రాములు వేసి మళ్ళీ చూడండి. అప్పుడూ మిగలడం లేదంటే లోపల మురికి ఉంది, లేదా గోడ పగులు గుండా మురుగు ఇంకా ఊరుతోంది. ఈ పని ముగిసేదాకా తాగే నీళ్ళు గుడ్డతో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి దించండి.

పౌడరు బలం మీద ఒక మాట. మూత తీసిన సంచి తేమకు నెలల్లోనే నీరసిస్తుంది. వాసన రాని, గడ్డలు కట్టిన పౌడరుతో ఈ లెక్కలన్నీ తప్పుతాయి. వచ్చే వరదకైనా సంపు మూత చుట్టూ నేల కన్నా ఎత్తుగా అంచు కట్టించి, రబ్బరు వాషరున్న మూత బిగించండి.

ప్రశ్న: లారీ నీళ్ళు బురదగా వచ్చినప్పుడు మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి కలిపేది. ఇప్పుడు అలా చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. గింజలోని పదార్థం సన్నటి మట్టి రేణువులను ఒకదానికొకటి పట్టించి కిందికి దించుతుంది. పటిక చేసేదీ ఆ పనే, ఇంకా త్వరగా చేస్తుంది: 20 లీటర్ల బిందెలో పటిక ముక్కను నాలుగైదు చుట్లు తిప్పి, మెల్లగా కలియబెట్టి గంట ఆగి, పైనీళ్ళు వంచుకోండి. ఏది వాడినా క్రిములన్నీ చావవు. తేటపడ్డాక క్లోరిన్ మాత్ర పొట్లం మీద రాసినంత వేయండి, లేదా కాచండి.

ప్రశ్న: అంబత్తూరులో మా బోరు నీళ్ళు తోడగానే స్వచ్ఛంగా ఉంటాయి, గంటకు పసుపు రంగు తిరుగుతాయి. బట్టలకు మరకలు, టీ నల్లగా అవుతోంది. ఆర్‌ఓ వాళ్ళు ఆరు నెలలకే మెంబ్రేన్ పోయిందంటున్నారు.

జవాబు: ఇనుము. భూమి అడుగున గాలి తగలక నీళ్ళలో కరిగి ఉంటుంది, పైకొచ్చి గాలి తగలగానే తుప్పుగా మారి తేలుతుంది. లీటరుకు 0.3 మి.గ్రా. దాటితేనే మరకలు మొదలు. ఆర్‌ఓకు పంపే ముందే దీన్ని తీసేయాలి, లేకపోతే ఏటా మెంబ్రేన్ కొనడమే మీ పని.

ఖర్చు లేని దారి గాలి పట్టించడమే. మేడ మీది ట్యాంకులోకి నీళ్ళు లావు ధారగా పడకుండా, చిన్న చిల్లులున్న పైపు గుండా రెండు అడుగుల ఎత్తు నుంచి జల్లుగా పడేలా అమర్చండి. ఆ ట్యాంకులో రాత్రంతా నిలిస్తే చాలా తుప్పు అడుక్కు దిగుతుంది. నీళ్ళు తీసుకునే పైపు అడుగు నుంచి అరడుగు పైన ఉండాలి, అట్టడుగున వేరే వాల్వ్ పెట్టి వారానికోసారి మడ్డి వదలాలి. మిగిలిన సన్న తుప్పుకు ఇసుక ఫిల్టరు: 200 లీటర్ల డ్రమ్ములో కింద అరడుగు గులకరాళ్ళు, పైన మూడంగుళాల ముతక ఇసుక, ఆపైన అడుగున్నర సన్న ఇసుక. ఇసుకను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి వేయాలి. సముద్రపు ఇసుక పనికిరాదు. ధార సన్నబడగానే కింది నుంచి పైకి నీళ్ళు తోలి కడగండి, లేదా పైన రెండంగుళాల ఇసుక గీకి కడిగి వేయండి.

ఇంత చేసినా పసుపు పోవడం లేదంటే పి.హెచ్. చూడండి. 6.5 లోపుంటే గాలి తగిలినా ఇనుము త్వరగా తుప్పు పట్టదు. అప్పుడు ముందు ఆమ్లగుణం తగ్గించే ఫిల్టరు కావాలి.

ప్రశ్న: తిరువాన్మియూరులో మా బోరు ఏడాదికేడాదికి ఉప్పగా అవుతోంది. సాఫ్టెనర్ పెట్టించాం, ఉప్పదనం తగ్గలేదు.

జవాబు: సాఫ్టెనర్ ఉప్పు తీయదు. అది కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. సబ్బు నురగ వస్తుంది, గీజరులో సున్నం పట్టదు, టీడీఎస్ మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

అసలు జబ్బు భూమిలో ఉంది. తీరంలో మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. సముద్ర మట్టం కన్నా మంచినీళ్ళ మట్టం ఒక మీటరు పైకుంటే, అడుగున దాదాపు 40 మీటర్ల లోతు దాకా ఉప్పునీళ్ళను తొక్కి ఉంచగలవు. తోడి తోడి ఆ మీటరు పోగొడితే ఉప్పునీళ్ళు అంతకంతా పైకెగసి వస్తాయి. మీంజూరు వైపు సముద్రం నేల కింద కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చింది ఇలాగే. బోరును ఇంకా లోతుకు దించితే ఉప్పు దగ్గరికి మీరే వెళ్ళినట్టు. దించకండి.

తమిళనాడులో వాన నీటి సేకరణ 2003లోనే తప్పనిసరి చేశారు. చాలా ఇళ్ళలో పైపు ఉంది, కింద గుంత పూడిపోయి ఉంది. 1,000 చదరపు అడుగుల మేడ మీద, చెన్నైలో ఏటా పడే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో ఇరవై శాతం పోయినా లక్ష లీటర్లు దిగుతాయి. మీది ఇసుక నేల కాబట్టి మూడడుగుల వెడల్పు, పన్నెండు నుంచి పదిహేను అడుగుల లోతు సిమెంటు రింగుల ఇంకుడు బావి చాలు. అడుగు మూయకూడదు, లోపల రాళ్ళు నింపకూడదు, నింపితే నీళ్ళకు చోటుండదు. వాడని పాత బావి ఉంటే అంతకన్నా మంచిది. మేడ నీళ్ళు ముందు చిన్న తొట్టిలో మట్టి దిగి, జల్లెడ దాటి బావిలో పడాలి. స్నానాల గది నీళ్ళు, మురుగు పైపు దరిదాపుల్లోకి రాకూడదు. సెప్టెంబరులోనే మేడ ఊడ్చి, పావురాల రెట్టలు తీయించి, పైపులు చూపించండి. అక్టోబరులో మేస్త్రీలు దొరకరు.

ఆ నీళ్ళే సంపులో పట్టి తాగాలనుకుంటే మొదటి వాన వదిలేయాలి. 1,000 చదరపు అడుగులకు కనీసం 100 లీటర్లు. మార్కెట్లో ఇందుకని అమ్మే నాలుగంగుళాల గొట్టం మీటరు పొడవుకు 8 లీటర్లే పడుతుంది, అది అలంకారానికే. 100 లీటర్ల డ్రమ్మే పెట్టండి.

ప్రశ్న: 20 లీటర్ల క్యాన్ నీళ్ళు ఎన్ని రోజులు ఉంచవచ్చు?

జవాబు: మూత తీశాక రెండు మూడు రోజుల్లో వాడేయండి. ఎండ తగలనివ్వకండి, ఆకుపచ్చ పాచి పడుతుంది. కొనేటప్పుడు సీలు, తయారైన తేదీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు చూడండి. క్యాన్ బాగుండి, దాన్ని బోర్లించే డిస్పెన్సరును నెలల తరబడి కడగని ఇళ్ళే ఎక్కువ. దాని కుళాయి విప్పి లోపలి జిగురు బ్రష్షుతో తోమాలి.

ప్రశ్న: ఏసీ నుంచి కారే నీళ్ళు డిస్టిల్డ్ వాటరేనని, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయవచ్చని అంటున్నారు. నిజమా?

జవాబు: లవణాలు తక్కువే, కానీ ఆ నీళ్ళు కాయిల్ మీది దుమ్మును, రాగి, అల్యూమినియం రేణువులను కడుక్కుని వస్తాయి. ట్రేలో బూజు కూడా ఉంటుంది. బ్యాటరీకి వద్దు, తాగడానికి అసలే వద్దు. చెన్నై ఉక్కపోతలో ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు లీటరు దాకా ఇస్తుంది. పైపు కింద బకెట్టు పెట్టి మొక్కలకు, ఇల్లు తుడవడానికి వాడండి. రెండో ప్రశ్న అడిగిన వేళచ్చేరి పాఠకులు తమ ఆర్‌ఓ వృథా నీళ్ళలో కలిపి కుండీలకు పోయడానికి ఇవి బాగా సరిపోతాయి.